తిరుగు దారి అక్కర్లేని సైకిల్

సైకిల్ మీద వెళ్ళే ప్రతి కిలోమీటరూ నిజానికి రెండు కిలోమీటర్లు. వెళ్ళినంతా మళ్ళీ తొక్కుకుంటూ రావాలి. బస్సెక్కినవాళ్ళకీ రైలెక్కినవాళ్ళకీ ఈ చింత లేదు. దిగాల్సిన చోట దిగి, తిరిగొచ్చేటప్పుడు ఇంకో బండి చూసుకుంటారు. నడిచి వెళ్ళినవాళ్ళు కూడా కాళ్ళు పీకితే ఆటో పిలుస్తారు. సైకిల్ మీద వెళ్ళినవాళ్ళకు మాత్రం బండిని వదిలేసి రావడానికి లేదు. అందుకే పొద్దున్నే ఎంత హుషారుగా బయల్దేరినా, ఎండెక్కేసరికి లోపల ఒక లెక్క మొదలవుతుంది. ఇంకా ఓపిక ఉంది, దారి బాగుంది, ఎదర ఏదో ఊరు కనబడుతోంది. అయినా ఇంత దూరమూ మళ్ళీ తొక్కాలి కదా అని హేండిల్ తిప్పేస్తాం. సైకిల్ ప్రయాణం ఎంత పొడవన్నది కాళ్ళ బలాన్ని బట్టి ఉంటుందనుకుంటాం. నాకు తెలిసినంతలో దాన్ని తేల్చేది ఈ తిరుగు దారే.

మా చిన్నప్పుడు రాజమండ్రిలో గంటల లెక్కన సైకిళ్ళు అద్దెకిచ్చే షాపులుండేవి. సీటు అందక, ఫ్రేము మధ్యలోంచి కాలు దూర్చి తొక్కే వయసు. గంటకి తీసుకుంటే అరగంట వెళ్ళడానికి, అరగంట రావడానికి. ఆ అరగంట చివర ఏ మలుపు వస్తే అదే మా లోకానికి పొలిమేర. దాని అవతల ఏముందో చూడాలని ఎంతో ఉండేది, చూడకుండానే వెనక్కి తిరిగేవాళ్ళం. పెద్దయ్యాక సొంత సైకిల్ కొనుక్కున్నా ఆ పొలిమేర కొంచెం జరిగిందే తప్ప పోలేదు. అది పోయింది మడత సైకిల్ చేతికొచ్చాకే.

మడత సైకిల్‌ని చాలాసార్లు వేరే బండితో జత కట్టించడానికే చేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ పారాట్రూపర్ల కోసం బీఎస్ఏ కంపెనీ మడిచే సైకిళ్ళు తయారుచేసింది. విమానంలోంచి సైనికుడితో పాటు సైకిలూ దిగాలి, దిగిన చోటి నుంచి ముందుకు పోవాలి. అక్కడ వెనక్కి తొక్కే మాటే లేదు. 1962లో అలెక్స్ మౌల్టన్ చిన్న చక్రాల సైకిల్‌ని బజారులోకి తెచ్చాడు. మినీ కారుకు సస్పెన్షన్ రూపొందించిన ఇంజినీరు ఆయన. చిన్న చక్రం పిల్లల ఆటవస్తువు కాదనీ, పెద్దలు దూరాలు పోవడానికి పనికొస్తుందనీ జనానికి చూపించింది ఆ బండే. తర్వాత 1970లలో ఆండ్రూ రిచీ అనే ఇంకో ఇంగ్లీషు ఇంజినీరు లండన్‌లో తన ఫ్లాట్‌లో కూర్చుని, రైల్లోకి, ఆఫీసులోకి చేతిలో పట్టుకెళ్ళగలిగే సైకిల్‌ కోసం నమూనాలు చేశాడు. కిటికీలోంచి కనబడే బ్రాంప్టన్ చర్చి పేరే దానికి పెట్టాడు. సైనికుడికి విమానం, ఉద్యోగికి రైలు. సగం దూరం తాను మోస్తుంది, మిగతా సగం తనను మోయించుకుంటుంది. ఇంతకంటే న్యాయమైన బండి నాకు ఇంకోటి తెలియదు.

చిన్న చక్రం మీద ఎక్కువ తొక్కాలి అన్న మాట అందరూ అంటారు. అది తప్పు. నా సైకిల్‌వి ఇరవై అంగుళాల చక్రాలు. ఒక్క చుట్టుకు దాదాపు మీటరున్నర పోతాయి. మామూలు పెద్ద సైకిల్ చక్రం రెండు మీటర్ల పైచిలుకు పోతుంది. ఆ తేడా సరిచేయడానికే ముందు చైన్‌వీల్ పెద్దదిగా వేస్తారు. ముందు 52 పళ్ళు, వెనక 13 పళ్ళు ఉంటే, పెడల్ ఒక్కసారి తిరిగేసరికి చక్రం నాలుగు సార్లు తిరుగుతుంది. అంటే ఆరు మీటర్లు. పెద్ద సైకిల్ మీద మామూలు గేరులో వెళ్ళే దూరం కూడా సుమారుగా అంతే. కాళ్ళకు తేడా తెలియదు. తెలిసేది చేతులకు. చిన్న చక్రంతో హేండిల్ చురుగ్గా ఉంటుంది, ఒంటి చేత్తో పట్టుకుని నీళ్ళు తాగడం కష్టం. రోడ్డు మీద ప్రతి గతుకూ మణికట్టు దాకా వస్తుంది. ఈ సంగతులు ఒప్పుకుని బయల్దేరితే, మంచి రోడ్డున్న దేశంలో మడత సైకిల్ ఎంత దూరమైనా తీసుకెళ్తుంది.

మంచి రోడ్డు, మంచి రైలు రెండూ ఉన్న దేశమని జపాన్‌కి తీసుకెళ్ళాను. అక్కడి రైళ్ళలో సైకిల్‌కి టికెట్ అక్కర్లేదు. ఒకటే షరతు: మడిచో విప్పో, మొత్తం సంచిలో పెట్టాలి, ఏ భాగమూ బయటకు కనబడకూడదు. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 250 సెంటీమీటర్లు మించకూడదు, బరువు 30 కిలోలు దాటకూడదు. మిగతా సామానుతో సమానం. మామూలు సైకిల్ ఉన్నవాళ్ళు స్టేషన్ బయట కూర్చుని చక్రాలు విప్పి, ఫ్రేముకి తాళ్ళతో కట్టి, సంచిలోకి దింపుతుంటారు. అందులోనూ ఎంతో నేర్పు ఉంది. మడత సైకిల్‌కి అంత పని లేదు. సీటు దించడం, హేండిల్ వంచడం, నడుం దగ్గర గొళ్ళెం తీసి రెండుగా మడవడం, సంచి తొడగడం. ప్లాట్‌ఫారం మీద ఎవరూ తిరిగి కూడా చూడరు. ఆ చూడకపోవడంలో నాకు గొప్ప మర్యాద కనబడింది. సైకిల్‌తో వచ్చిన మనిషి కూడా ప్రయాణికురాలే అని ఆ రైల్వే ఎప్పుడో ఒప్పుకుంది.

నేను వెళ్ళింది షిమనామి కైదో అనే దారిలో. జపాన్ ప్రధాన ద్వీపం హొన్షుకీ, దక్షిణాన ఉన్న షికొకు ద్వీపానికీ మధ్య సెతో లోపలి సముద్రం ఉంది. 1955లో అక్కడ షియున్ మారు అనే ఫెర్రీ మునిగి 168 మంది చనిపోయారు, వాళ్ళలో చాలామంది బడిపిల్లలు. సముద్రం మీద వంతెనలు కావాలన్న కోరిక అప్పటినుంచీ గట్టిపడింది. చివరికి మూడు చోట్ల వంతెనల దారులు వచ్చాయి. 1988లో సెతో మహా వంతెన, 1998లో అకషి జలసంధి వంతెన, 1999లో ఒనొమిచి నుంచి ఇమబరి దాకా ఈ షిమనామి. మొదటి రెండూ ఇంజినీరింగ్ అద్భుతాలే. కానీ వాటిని సైకిల్ మీద దాటడానికి లేదు. మూడోదాని మీద మాత్రం మనిషి నడిచి వెళ్ళొచ్చు, సైకిల్ తొక్కొచ్చు. ఇది ఆరు ద్వీపాల మీదుగా పోతుంది, ఆ ద్వీపాల్లో ఊళ్ళున్నాయి, పక్క ద్వీపానికి బడికీ పొలానికీ వెళ్ళే జనం ఉన్నారు. వాళ్ళ కోసం వంతెనకి పక్కన బాట వదిలారు. దాదాపు 70 కిలోమీటర్ల ఆ బాటనే ఇప్పుడు లోకమంతా వచ్చి తొక్కుతోంది. ఊరివాళ్ళకు పనికొచ్చేలా కట్టిందే దూరం నుంచి వచ్చినవాళ్ళకూ నచ్చింది.

ఒనొమిచి కొండవాలు మీద గుళ్ళతో, మెట్ల సందులతో ఉన్న పాత ఓడరేవు. ఓజు తీసిన ‘టోక్యో స్టోరీ’ (1953)లో పిల్లల్ని చూడ్డానికి రైలెక్కి వెళ్ళిన ముసలి దంపతుల ఊరు ఇదే. స్టేషన్ దిగి రోడ్డు దాటితే సముద్రం. సైకిల్ విప్పి, చిన్న ఫెర్రీ ఎక్కితే కొద్ది నిమిషాల్లో ముకాయిషిమ ద్వీపం. బడిపిల్లలు, స్కూటర్లు, కూరల సంచులు, వాటి మధ్య నేను. అవతల దిగగానే రోడ్డు అంచున నీలం గీత మొదలవుతుంది. ఇమబరి దాకా ఆ గీతే దారి చూపిస్తుంది. ఇంకా ఎన్ని కిలోమీటర్లుందో దాని మీదే అక్కడక్కడ రాసి ఉంటుంది. మ్యాపు తీయనక్కర్లేదు, ఎవరినీ అడగనక్కర్లేదు. భాష రాని దేశంలో ఆ నీలం గీత ఇచ్చే భరోసా ఇంతా అంతా కాదు.

వంతెనలు సముద్రానికి చాలా ఎత్తున ఉంటాయి, కింద ఓడలు పోవాలి కదా. రోడ్డు మాత్రం గట్టు వెంట ఉంటుంది. అంటే ప్రతి ద్వీపంలోనూ ఒకసారి ఎక్కాలి, ఒకసారి దిగాలి. ఎక్కే బాటలు సైకిళ్ళకే వేరుగా వేశారు. వందకు మూడు చొప్పున వాలు, తోటల మధ్య మెలికలు తిరుగుతూ పోతుంది. తక్కువ గేరు వేసుకుని తొక్కితే ఊపిరి ఎగబీల్చకుండా పైకి చేరొచ్చు. నా ఈడు ఆడవాళ్ళు ముందు బుట్ట ఉన్న మామూలు సైకిళ్ళ మీద ఎక్కుతూ కనబడ్డారు. ఎవరి కాళ్ళను దృష్టిలో పెట్టుకుని ఆ వాలు కట్టారో అప్పుడు అర్థమైంది.

ఇన్నోషిమ వంతెన (1983) ఒక్కటీ వేరు. అక్కడ సైకిల్ బాట కార్ల రోడ్డు కింద, ఇనప చట్రం లోపల పోతుంది. రెండు పక్కలా జాలీ. నెత్తి మీద లారీలు వెళ్తుంటే అతుకుల దగ్గర దడదడమని మోత, పాదాల కింద సన్నటి వణుకు, జాలీలోంచి కింద ఆకుపచ్చ నీళ్ళు. రైలు పెట్టె బయట నిలబడ్డట్టుంది. ఆ మోతకి భయం వేయలేదు. ఇంత పెద్ద బరువులు పోయే దారిలో నా పన్నెండు కిలోల బండికీ చోటుంచారు కదా అని ధైర్యం వచ్చింది.

ద్వీపాల్లో దారి పొడవునా నారింజ, నిమ్మ తోటలు. ఇకుచిజిమ నిమ్మకాయలకు జపాన్ అంతటా పేరు. తోట గట్టున రేకు కప్పిన చిన్న చెక్క అల్మారా, అందులో సంచుల్లో కట్టిన పళ్ళు, పక్కన డబ్బులేసే డబ్బా. మనిషి లేడు. ధర రాసిన అట్టముక్క ఉంది. వంద యెన్ల బిళ్ళ డబ్బాలో వేస్తే అడుగున టంగుమంది. సంచి తీసుకుని గట్టు మీద కూర్చుని ఒక్కో పండూ వలిచాను. తొక్క మందం, తీయగానే వేళ్ళకు నూనె అంటింది, ఆ వాసన సాయంత్రం దాకా పోలేదు. పది గజాల దూరంలో ఇంకో అల్మారా, ఇంకో రకం. కారులో వెళ్ళేవాళ్ళకి ఇవి కనబడవు. కనబడినా ఆపేసరికి దాటిపోతారు.

ఇకుచిజిమ నుంచి ఓమిషిమకి దాటించేది తతర వంతెన. 1999లో కట్టినప్పుడు తీగలతో నిలబెట్టిన వంతెనల్లో దాని 890 మీటర్ల నడిమి స్పాన్ ప్రపంచంలోకెల్లా పొడవైనది. టవరు కింద చెక్క చిడతలు వేలాడదీసి ఉంచారు. కొడితే ఆ శబ్దం రెండు ఉక్కు కాళ్ళ మధ్య తగులుతూ తగులుతూ పైకి పోతుంది. నా వెనకొచ్చిన పిల్ల కొట్టింది, పైకి చూసింది, మళ్ళీ కొట్టింది. వాళ్ళ నాన్న తొందరపెట్టలేదు.

ఓమిషిమలో నీలం గీత తూర్పు గట్టునే కొద్ది దూరం పోయి తర్వాతి వంతెన ఎక్కిస్తుంది. నాకు మాత్రం కొండ అవతల, పడమటి ఒడ్డున ఉన్న ఒయమజుమి గుడి చూడాలని ఉంది. పూర్వం యుద్ధవీరులు విజయం కోరి, గెలిచాక మొక్కు తీర్చి సమర్పించిన కవచాలు, కత్తులు ఆ గుడిలో ఉన్నాయి. దేశం నిధులుగా గుర్తించిన పాత కవచాలు కొన్ని వాటిలో ఉన్నాయి. ప్రాంగణం నడుమ ఒక కర్పూర వృక్షం, 2600 ఏళ్ళదని అక్కడివాళ్ళ నమ్మకం. అద్దె సైకిలైతే, సాయంత్రానికి ఫలానా చోట అప్పగించాలన్న లెక్కతో ఆ కొండ దాటడానికి వెనకాడేదాన్ని. ఈ సైకిల్‌తో వెనకాడలేదు. దాటాను. ఆ చెట్టు మొదట్లో నిలబడగానే వాన పట్టుకుంది. జల్లు కాదు, ఆగే వాన కాదు.

అంతలో ఇంటినుంచి అక్క ఫోన్ చేసింది. “వానలో ఏం చేస్తున్నావే? ఈ వయసులో నీకీ సైకిలేంటి, కారు మాట్లాడుకుని హాయిగా చూసి రావచ్చుగా?” అంది. “సైకిల్ మడిచేశానక్కా, బస్సు కోసం కూర్చున్నాను” అన్నాను. కాసేపు మాట్లాడలేదు. “మరింకేం, జాగ్రత్తగా రా” అని పెట్టేసింది. కోప్పడడానికి ఆమెకు ఏమీ మిగల్లేదు.

ఇమబరికి వెళ్ళే లోకల్ బస్సు వచ్చింది. సంచిలో పెట్టిన సైకిల్‌ని డ్రైవర్‌కి చూపించి, తలూపాక ఎక్కాను. మోకాళ్ళ ముందు పెట్టుకుని, తడిసిన కిటికీలోంచి రేపు తొక్కబోయే రోడ్డు చూస్తూ వెళ్ళాను. మర్నాడు ఎండ కాసింది. అదే బస్సు వెనక్కి ఎక్కి, గుడి ముందు దిగి, ఎక్కడ మడిచానో అక్కడే విప్పాను.

నాకు ఈ ప్రయాణంలో అన్నిటికంటే విలువైన పూట ఆ వాన పూటే. అంతకుముందు వానంటే సైకిల్‌ ప్రయాణానికి ఓటమి. తడుస్తూ తొక్కాలి, లేకపోతే ఎక్కడో చూరు కింద గంటలు గంటలు నిలబడాలి, ఆ రెండింటిలోనూ తిరుగు దారి మెడ మీద కత్తే. ఎక్కడైనా ఆపేయొచ్చు అని తెలిసిన మనిషి ఇంకొంచెం ముందుకు పోతుంది. కొండ అవతలి గుడికి పోతుంది, దారి వదిలి పక్క ఊరికి పోతుంది. ఆపలేననుకున్న మనిషే దగ్గర్లో ఆగిపోతుంది. మొత్తం డెబ్బై కిలోమీటర్లూ ఒక్క రోజులో తొక్కేసి, ఆ దారి దిగిపోయేవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళ కాళ్ళకు నమస్కారం. అయితే ఒక్క రోజులో దాటడమే గొప్ప అనుకుంటే ఆరు ద్వీపాలు ఆరు అడ్డంకులైపోతాయి. నీలం గీత మీద చూపు పెట్టి తొక్కినవాళ్ళకి ఆ కర్పూర వృక్షం ఉన్నట్టే తెలియదు.

మడత సైకిల్ అన్ని దారులకూ పనికొస్తుందని నేను అనను. కంకర రోడ్డు మీద, మట్టి బాటల మీద దానితో దూర ప్రయాణం పెట్టుకోవద్దు. ఎక్కువ సామాను మోయలేదు. పొడవాటి వాలులు దిగేటప్పుడు బ్రేకు పట్టీ పట్టీ వేళ్ళు కొయ్యబారతాయి. మధ్యమధ్య ఆగి చేతులు విదిలించుకోవాలి. వంతెన అతుకుల ఇనప పలకల దగ్గర చక్రం నిటారుగా దాటించాలి. ఇవన్నీ నేర్చుకోదగ్గ సంగతులే, నెల రోజులు ఊళ్ళో తొక్కితే వచ్చేస్తాయి.

ఆఖర్న, చివరి ద్వీపమైన ఓషిమ నుంచి ఇమబరికి కురుషిమ వంతెనలు. మూడు వేలాడే వంతెనలు ఒకదాని వెంట ఒకటి, మొత్తం నాలుగు కిలోమీటర్లు. కింద జలసంధిలో నీళ్ళు సుడులు తిరుగుతుంటాయి. అక్కడ ఓడలకు వింత నియమం ఉంది: ప్రవాహం వెంట పోయే ఓడలు నడిమి కాలవలోంచి, ఎదురు పోయేవి పడమటి కాలవలోంచి వెళ్ళాలి. ప్రవాహం దిశ మారితే ఓడల దారులూ మారతాయి. వంతెనకి మధ్యలో ఉమషిమ అనే చిన్న ద్వీపం ఉంది. అక్కడుండేది అతి కొద్దిమంది. వాళ్ళ కోసం వంతెన బాట మీంచి నేల దాకా లిఫ్ట్ పెట్టారు, సైకిల్‌తో సహా దిగొచ్చు. నాకు తతర వంతెన పొడవు కంటే ఆ లిఫ్ట్ పెద్ద కట్టడంగా తోచింది. అంత పెద్ద లెక్కలు వేసినవాళ్ళు ఆ కొద్దిమందిని లెక్కలోంచి జారిపోనివ్వలేదు.

మన దగ్గర సైకిల్ బాటలు రావడం లేదని కాదు. హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు పక్కన సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల ట్రాక్ 2023లో వచ్చింది. సంతోషించాల్సిందే. కానీ అది తిరిగి రావడానికి వేసిన బాట, వ్యాయామం కోసం. ఒక ఊరి మనిషిని ఇంకో ఊరికి చేర్చే బాట ఇంకా కావాలి. దానికి కొత్తగా ఏమీ కట్టక్కర్లేని చోటు మా రాజమండ్రిలోనే ఉంది. 1900లో మొదలై 1997 దాకా రైళ్ళను మోసిన హేవ్‌లాక్ వంతెన రైళ్ళు లేకుండా గోదావరి మీద నిలబడి ఉంది. దాన్ని పర్యాటక స్థలం చేయాలన్న మాట చాలా ఏళ్ళుగా వింటున్నాం. చేయండి. పూల కుండీలు, దీపాలు, తినుబండారాల కొట్లు, అన్నీ పెట్టండి. అయితే ఒడ్డున నాలుగు స్పాన్ల దగ్గర ఆపేయకుండా, ఒక పక్కన సైకిల్ పట్టేంత బాట వదిలి, దాన్ని అవతలి ఒడ్డున ఉన్న కొవ్వూరు దాకా తీసుకెళ్ళండి. ఇటు గోదావరి స్టేషన్, అటు కొవ్వూరు స్టేషన్. తొక్కి వెళ్ళినవాళ్ళు అలిసిపోతే రైలెక్కి వస్తారు.